రెండున్నరేళ్ల చేతికర్ర, 30 రూపాయల బుష్షు

కుడి మోకాలి గుజ్జు అరిగిందని డాక్టరు చెప్పిన వారంలోనే గుంటూరు కొత్తపేటలో ఒక సర్జికల్ షాపులో అల్యూమినియం చేతికర్ర కొన్నాను. బొత్తాలు నొక్కి ఎత్తు మార్చుకోవడం, బరువు, రంగు అందరికీ తెలిసినవే. నా గొడవంతా అడుగున ఉండే రబ్బరు బుష్షుతోనే.

ముందు మంచి మాట. తొలి నెలంతా నొప్పి ఉన్న కుడివైపే కర్ర పట్టుకుని కుంటాను. మా వీధిలో ఉండే ఫిజియోథెరపీ అమ్మాయి చూసి, "మాస్టారూ, ఎడమ చేతిలోకి మార్చండి. కుడికాలితో పాటే కర్రా వెయ్యండి" అంది. నొప్పి ఒకవైపు, కర్ర ఇంకోవైపా అని నవ్వాను. రెండు రోజుల్లో నవ్వు పోయింది. లక్ష్మీపురం నుంచి ఎన్టీఆర్ స్టేడియం దాకా మధ్యలో ఎక్కడా కూర్చోకుండా నడిచాను. చెప్పులేసుకుని చెయ్యి వదిలేసి నిలబడితే పిడి మణికట్టు ముడత దగ్గరికి రావాలట, అదీ తనే సరిచేసింది. మెట్లెక్కేటప్పుడు మంచికాలు ముందు, దిగేటప్పుడు కర్రా నొప్పికాలూ ముందు. ఆ ఊపులో వాకింగుకొచ్చే వాళ్లందరినీ ఇదే కర్ర కొనమని ఊదరగొట్టాను. నలుగురు కొన్నారు కూడా.

కొన్న ఏడాదిన్నరకు, శ్రావణమాసంలో ఒక ఉదయం, మా అపార్టుమెంటు లిఫ్టు ముందు అప్పుడే తడిగుడ్డ పెట్టారు. కర్ర వేశానో లేదో టైల్సు మీద సర్రున జారింది. గ్రిల్లు చేతికందింది గానీ, లేకపోతే తుంటి విరిగేది. ఇంట్లోకొచ్చి కర్ర తిరగేశాను. కొన్నప్పుడు బుష్షు అడుగున గుండ్రంగా గాడులుండేవి. ఇప్పుడు ఒకవైపంతా బోడిగా ఉంది, రబ్బరును కోసుకుని గొట్టం అంచు నెలవంకలా మెరుస్తోంది. అంటే తడినేల మీద నేను ఆనించింది రబ్బరును కాదు, రేకును. అన్నాళ్లలో ఒక్కసారి తిప్పి చూసిన పాపాన పోలేదు.

కొన్న చోటికే వెళ్తే "బుష్షు విడిగా రాదు బాబాయ్ గారూ, కొత్త కర్ర తీసుకోండి" అన్నాడు కుర్రాడు. టైరు అరిగితే సైకిలు మారుస్తామా? ఐదో షాపులో దొరికింది, 30 రూపాయలు. లోపల ఇనుప బిళ్ల ఉన్నదే అడగండి, గొట్టం రబ్బరును కొయ్యదు. కర్ర వెంట తీసుకెళ్లి తొడిగి చూడండి, వదులైతే దారిలోనే ఊడుతుంది.

ఎత్తు మార్చే బొత్తాన్ని మొదట్లో తెగ మెచ్చుకున్నాను గానీ, ఇప్పుడది టకటకమంటోంది. మధ్యాహ్నం ఇంట్లో నడిస్తే మా ఆవిడకు నిద్రాభంగం. నొప్పి తగ్గింది కర్ర వల్లేనా అంటే గట్టిగా చెప్పలేను. మోకాలి కింద తువ్వాలు చుట్ట పెట్టి, ఐదు లెక్కపెట్టేదాకా నొక్కే వ్యాయామం రోజూ చేస్తున్నాను. 6 కిలోలు తగ్గాను కూడా. ఒంట్లో కిలో తగ్గితే అడుగడుక్కీ మోకాలి మీద 4 కిలోల భారం తగ్గుతుందని 2005లో అచ్చయిన అమెరికా అధ్యయనం ఒకటి ఉందని ఆ అమ్మాయే చెప్పింది. పైగా నాది ఒక మోకాలి బాధే. రెండూ పట్టేసినవాళ్లకూ, తూలేవాళ్లకూ వాకరే నయమేమో, ఫిజియోను అడగండి.

ఇప్పుడు ప్రతి నెలా ఒకటో తారీఖున స్టేడియం బెంచీ దగ్గర అందరి కర్రలూ తిరగేస్తున్నాం. ఈసారి ఏడింట్లో మూడు బోడివి తేలాయి. రిటైర్డు తాసీల్దారు గారు మాత్రం తనది చూపించలేదు. "నాది బాగానే ఉందిలే మాస్టారూ" అని కర్ర చంకలో పెట్టుకుని, కుంటుకుంటూ వెళ్లిపోయారు.