ఫ్రీక్ అవుట్: ఊదారంగు మొహాల పగటివేషం

ఈ ఎల్పీ (పాతకాలం పెద్ద ప్లేటు రికార్డు) వచ్చిన రోజు అట్టపెట్టె విప్పుతుంటే మా అమ్మ వెనక నుంచి తొంగిచూసి, "ఏందబ్బయ్యా ఈ మొహాలు, నిమజ్జనం అయిన మూడోనాడు పెన్నలో తేలిన వినాయకుళ్ల మాదిరి" అంది. ఆ కవర్ గురించి ఇంతకంటే సరైన మాట నాకింకా దొరకలేదు.

మదర్స్ ఆఫ్ ఇన్వెన్షన్ అనే అమెరికా రాక్ బ్యాండ్ మొదటి రికార్డు ఈ ఫ్రీక్ అవుట్. 1966 జూన్‌లో వచ్చింది, పాటలు దాదాపు అన్నీ బ్యాండ్ పెద్ద ఫ్రాంక్ జప్పావే. తొలి రికార్డే రెండు ఎల్పీల సెట్టు, అంటే నాలుగు సైడ్లు, అప్పటి రాక్‌లో అది చాలా అరుదు. అంతకుముందు బ్యాండ్ పేరు ఉత్త మదర్స్, ఆ మాటకి బూతర్థం ఉందని రికార్డు కంపెనీ జడుసుకొని వెనకాల ఆఫ్ ఇన్వెన్షన్ అనే తోక తగిలించింది.

కవర్ మీద ఐదుగురు మనుషులు, ఫొటో నెగటివ్‌ని వెలుతురుకి పట్టి చూసినట్టు ఊదా ఊదాగా ఉంటారు. చూస్తే మత్తుమందుల పాటలనుకుంటాం. జప్పాకేమో మత్తుమందులంటేనే గిట్టేది కాదు. అట్ట వెనక సూజీ క్రీమ్‌చీజ్ అనే అమ్మాయి పేరుతో ఒక ఉత్తరం, ఈ బ్యాండ్ వాళ్లు పిచ్చోళ్లు, దగ్గరికెళితే కంపు కొడతారు అని. ఆ అమ్మాయి లేనే లేదు, రాసింది జప్పానే!

కందుకూరు పక్కన మా అమ్మమ్మోళ్ల ఊరికి (అప్పుడు ప్రకాశం జిల్లా) కుప్పనూర్పిళ్లప్పుడు పగటివేషగాళ్లు వచ్చేవాళ్లు. కరణం వేషం కట్టి కరణం వాకిట్లోనే నిలబడి ఆయన్నే వెక్కిరించి, ఆయన చేతే వడ్లు కొలిపించుకొని పోయేవాళ్లట. ఈ రికార్డు కూడా అదే. మొదటి రెండు సైడ్లలో చాలా పాటలు రేడియోలో వచ్చే ప్రేమపాటల వేషంలోనే ఉంటాయి, రాగం తియ్యగా, వెనక కోరస్ ఊ ఊ అంటూ, మాటలు మాత్రం పో, పోయి ఇంకెవడి భుజం మీదన్నా పడి ఏడువు అన్న ధోరణి. నవ్వొస్తుంది, కానీ రాగం నిజంగానే బాగుంటుంది, అక్కడే దొరికిపోతాం.

వెక్కిరింత పక్కన పెట్టి జప్పా సూటిగా మాట్లాడింది మూడో సైడు మొదటి పాటలో, ట్రబుల్ ఎవ్రీ డే. 1965 ఆగస్టులో లాస్ ఏంజిలిస్‌లోని వాట్స్‌లో ఆరు రోజులు అల్లర్లు జరిగి 34 మంది చనిపోయారు, అది టీవీలో చూసి రాసిన పాట. ఊరు తగలబడుతుంటే మా ఛానెలే ముందు చూపించిందని గొప్పలు పోయే టీవీల మీద కోపం. తుపానొచ్చినప్పుడు మన కోస్తాలో మోకాళ్ల లోతు నీళ్లలో మైకు పట్టుకొని అరిచేవాళ్లని చూసినోళ్లకి ఈ పాట విడమర్చి చెప్పక్కర్లేదు. ప్రొడ్యూసర్ టామ్ విల్సన్ బ్యాండ్ ఈ పాట వాయిస్తుంటే విని, ఓహో బ్లూస్ (అమెరికా నల్లవాళ్ల పాత పాటల బాణీ) వాయించే బ్యాండ్ అనుకొని కాంట్రాక్టు ఇచ్చాడట. పాపం.

నాలుగో సైడు మొత్తం ఒకటే, పన్నెండు నిమిషాల పైన డప్పులు, కేకలు, మూలుగులు. రెండుసార్లు విన్నా, మూడోసారి నా వల్ల కాదు.

కొనేవాళ్లకి ఒక మాట, కవర్ కోసమే అయితే ఎల్పీనే తీసుకోండి, ఫోన్ తెర మీద ఆ రంగులు తేలిపోతాయి. నాది ఒక మూల నలిగి వచ్చింది, అమ్మినాయనకి ఫొటో పంపితే ఉలుకూ పలుకూ లేదు. హాల్లో టీవీ పక్కన నిలబెట్టా. మొన్న చెల్లిని చూడ్డానికి ఒంగోలు నుంచి పెళ్లివారు వస్తున్నారని అమ్మ దాన్ని తీసి బియ్యం డ్రమ్ము వెనక పెట్టింది, ఇంకా అక్కడే ఉంది.