షాంఘై వెళ్తున్నారా? నాన్‌జింగ్ రోడ్డులో టీకి పిలిచేవాళ్లతో జాగ్రత్త

సరుకు కొనడానికో, ఊరు చూడ్డానికో షాంఘై వెళ్తున్న మనవాళ్లు ఇది తప్పకుండా చదవండి. నాన్‌జింగ్ రోడ్డులోనో, పీపుల్స్ స్క్వేర్ దగ్గరో, నది ఒడ్డున బండ్ మీదో ఎవరైనా నవ్వుతూ వచ్చి "మాకో ఫొటో తీస్తారా?" అని ఇంగ్లిష్‌లో మాట కలిపితే, ఫొటో తీసిచ్చి మీ దారిన మీరు వెళ్లండి. కాసేపటికి "ఇక్కడ టీ ఉత్సవం జరుగుతోంది, మేమూ అక్కడికే వెళ్తున్నాం, రండి" అంటారు. అక్కడికి మాత్రం వెళ్లొద్దు.

మా బావగారినీ నన్నూ అలాగే తీసుకెళ్లారు. ఇద్దరమ్మాయిలు, ఒక అబ్బాయి. వేరే ఊరి కాలేజీ స్టూడెంట్లమని చెప్పారు. ఎంత మర్యాదగా మాట్లాడారంటే, అనుమానించడానికి మనసొప్పదు. పక్క సందులో ఓ బిల్డింగ్ పై అంతస్తు, కిటికీ కూడా లేని చిన్న గది. పట్టు గౌను వేసుకున్న ఒకావిడ బుల్లి కప్పుల మీద వేడినీళ్లు పోసి కడిగి, ఒక్కో టీ గురించి కథ చెబుతూ పోసింది. మల్లెపూల టీ, ఊలాంగ్, పు-అర్, నీళ్లలో వేస్తే పువ్వులా విచ్చుకునే టీ... ఒక్కోటి రెండు గుక్కలు కూడా ఉండదు. మెనూ మొదట్లో ఒక్కసారి చూపించి పక్కన పెట్టేశారు. అందులో ఉన్న రేటు టీకి ఇంత, అదీ మనిషికి ఇంత అని. గది అద్దె వేరే.

మా ఇద్దరి వాటా 1,280 యువాన్లన్నారు. మన డబ్బుల్లో పదిహేను వేల దాకా. ఆ స్టూడెంట్లు మాత్రం మారుమాట లేకుండా వాళ్ల వాటా తీసి ఇచ్చేశారు. అసలు కిటుకంతా అక్కడే ఉంది. పక్కవాళ్లు ఇచ్చేశాక మనం బేరమాడాలంటే మొహమాటం. బావగారు కార్డు బయటికి తియ్యకుండా ఫాపియావ్, అంటే అక్కడి అధికారిక పన్ను రసీదు, అడిగారు. ఫోన్‌లో 110 నొక్కి స్క్రీన్ చూపించారు. అది అక్కడి పోలీసు నంబరు. లోపల్నుంచి మేనేజరు వచ్చాడు, బిల్లు 300కి దిగింది. అది కట్టి లేచాం. మాతో వచ్చిన ముగ్గురూ లేవలేదు, అక్కడే కూర్చుండిపోయారు. వాళ్లు ఎవరి మనుషులో అప్పుడు తేటతెల్లమైంది.

మెనూలో రేటు రాసి ఉంటుంది కాబట్టి డబ్బు కట్టేసి బయటికొచ్చాక గట్టిగా వాదించడం కష్టం. ఏం అడిగినా కట్టకముందే అడగాలి.

దీన్ని పట్టుకుని షాంఘై చెడ్డ ఊరనుకోకండి, అది అన్యాయం. అర్ధరాత్రి కూడా ఆడవాళ్లు ధైర్యంగా తిరిగే ఊరది. 1842 నాన్‌జింగ్ ఒప్పందంతో విదేశీ వర్తకానికి తలుపులు తెరిచిన రేవు. ఆ కాలం బ్యాంకుల, కంపెనీల రాతి భవనాలు ఇప్పటికీ బండ్ వెంట వరసగా ఉన్నాయి. ఎదురుగా హువాంగ్పు నదికి అవతల 632 మీటర్ల షాంఘై టవర్. కంటైనర్ల లెక్కలో 2010 నుంచి ప్రపంచంలో మొదటి స్థానం ఈ రేవుదే. ఇదంతా చూడ్డానికి జనం ఎక్కడ చేరతారో ఈ మాయగాళ్లూ అక్కడే కాపు కాస్తారు.

చైనా టీ రుచి చూడాలనుంటే యూయువాన్ తోట పక్కన, తొమ్మిది మలుపుల వంతెన మీద నుంచి వెళ్లే హుషిన్‌టింగ్ టీ భవనం ఉంది. 1855 నుంచి టీ అమ్ముతున్న చోటు, 1986లో ఎలిజబెత్ రాణి కూడా వచ్చింది. చవక కాదు, కానీ ఎంతవుతుందో ముందే తెలుస్తుంది.

నది మీద తిరగడానికి దారిలో టికెట్లమ్మేవాళ్ల దగ్గర కొనకండి, రేవు కౌంటర్లోనే కొనండి. ఊరికే అవతలి ఒడ్డుకు వెళ్లాలంటే ఊళ్లో జనం ఎక్కే ఫెర్రీకి రెండు యువాన్లు చాలు.

పుడాంగ్ ఎయిర్‌పోర్టులో దిగగానే "టాక్సీ, టాక్సీ" అని వెంటబడేవాళ్లను పట్టించుకోకుండా బోర్డు చూసుకుని టాక్సీ క్యూలో నిలబడండి, మీటరు వెయ్యమనండి. సామాను తక్కువైతే మెట్రో రెండో లైను ఎక్కండి, నేరుగా పీపుల్స్ స్క్వేర్‌లో దిగొచ్చు. హోటల్ పేరు, అడ్రసు చైనీస్ అక్షరాల్లో ఫోన్‌లో పెట్టుకోండి. టాక్సీకే కాదు, 110కి ఫోన్ చేయాల్సి వచ్చినా పనికొస్తుంది.