ఫౌండ్రీ ఇసుక గుంట పక్కన బోరుంటే ఈ నీటి పరీక్ష చాలదు

తిరుపతిలో ఒక ప్రైవేటు ల్యాబు చేసే "సాధారణ నీటి ప్యాకేజీ" మామూలు ఇంటి బోరుకు బాగానే పనికొస్తుంది. పీహెచ్, టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మొత్తం), కాఠిన్యం, ఫ్లోరైడ్, నైట్రేట్ చూసి, పక్కనే ఐఎస్ 10500 (తాగునీటికి భారతీయ ప్రమాణం) పరిమితులు వేసిస్తారు. రిపోర్టు ఎవరికైనా అర్థమవుతుంది.

గాజులమండ్యం లాంటి పారిశ్రామికవాడల చుట్టుపక్కల, ఫౌండ్రీ (లోహం కరిగించి అచ్చుల్లో పోతపోసే కార్ఖానా) ఇసుకో స్లాగో (లోహం కరిగించాక మిగిలే చిట్టెం) పూడ్చిన చోటుకి దగ్గర్లో బోరుంటే మాత్రం దీన్ని నమ్ముకోవద్దు. సీసం, కాడ్మియం అనే విష లోహాలు, ఫినాల్ అనే విష రసాయనం ఇందులో లేనే లేవు. టీడీఎస్ తక్కువుందని ధైర్యపడకండి. సీసం పరిమితి లీటరుకు 0.01 మిల్లీగ్రాములు, అంత కొంచెం టీడీఎస్ మీటరుకు ఆనదు. ఇత్తడి, కంచు పోతపోసిన ఇసుకలో సీసం భయం ఎక్కువ, ఇనుప ఫౌండ్రీ ఇసుకలో తక్కువ. రెజిన్ (ఇసుకను అతికించే రసాయన జిగురు) కలిపిన అచ్చుల ఇసుక అయితే వాననీటితో ఫినాల్ దిగుతుంది.

లోహాలు, ఫినాల్ విడిగా డబ్బు కట్టి చేయించండి. ఈ సేవలో అసలు లోపం శాంపిల్ దగ్గరే ఉంది, ఏ వాటర్ బాటిల్లో తెచ్చినా తీసుకుంటున్నారు! నైట్రిక్ ఆమ్లంతో పీహెచ్ 2 కిందికి దించకపోతే లోహాలు సీసా గోడకు అంటుకుని ఫలితం తక్కువ చూపిస్తుంది. ఆమ్లం వేసిన సీసా ల్యాబునే ఇమ్మనండి. ఫినాల్‌కు గాజు సీసా, ఐసు పెట్టె కావాలి. ట్యాంకు నీళ్లు వద్దు, ఇత్తడి కుళాయి నుంచీ సీసం రావచ్చు. మోటారు వేసి, ఈసీ (నీటి విద్యుత్ వాహకత) రీడింగు నిలకడయ్యాక బోరు దగ్గరే పట్టండి. ఒకసారి మే నెలలో, మళ్లీ ఈశాన్య రుతుపవనాల వానలు అయ్యాక చేయించండి.