ఇరవై మూడు క్యాసెట్ల టాప్ టెన్: రెండేళ్ళు చూశాక

టీవీ టాప్ టెన్‌లో ఒక పాట నంబర్ వన్ అయిందని ముప్పై ఏళ్ళుగా ఇంట్లో అందరితో వాదిస్తూ వచ్చాను. మా క్యాసెట్లన్నీ వరుసపెట్టి చూసి, వారం వారం పాటల స్థానాలు రాసుకున్న నా పాత నోటుబుక్కుతో సరిపోల్చుకున్నాక, అది నాలుగో స్థానం దాటి పైకి వచ్చిన దాఖలా ఒక్కటీ దొరకలేదు. ఏ పాటో ఇక్కడ చెప్పను. చెబితే చదివేవాళ్ళలో సగం మంది మా అన్న పక్షం చేరిపోతారు.

2023లో బతుకమ్మ పండుగకు ముందు కాజీపేటలో మా బాపు (నాన్న) ఇల్లు దులుపుతుంటే, అటక మీది రేకుపెట్టెలో ఇరవై మూడు వీడియో క్యాసెట్లు బయటపడ్డాయి. 1993 నుంచి 1997 దాకా టీవీలో వచ్చిన, సినిమా పాటలకు పది నుంచి ఒకటి దాకా స్థానాలిచ్చే కార్యక్రమాలను అన్న వాటి మీదికి ఎక్కించాడు. వీసీఆర్ మేనమామ దుబాయి నుంచి తెచ్చింది. అప్పట్లో జగిత్యాల వైపు ఏ ఊరికి వెళ్ళినా దుబాయి నుంచి వచ్చిన టేప్ రికార్డరో, వీసీఆరో ఒక ఇంట్లో ఉండేది. దాని మీద అంచు కుట్టిన గుడ్డ కప్పి ఉండేది. మా ఇంట్లోనూ అంతే. ఆ గుడ్డ తీసే అధికారం అన్నకు మాత్రమే ఉండేది.

ఇప్పటి పిల్లల కోసం ఒక మాట. దూరదర్శన్‌లో శుక్రవారం వచ్చే చిత్రలహరి, హిందీ చిత్రహార్ పాటల కార్యక్రమాలే కానీ వాటిలో అంకెలు లేవు. ఒక పాట అయిపోతే ఇంకో పాట. అంకెల జ్వరం మాకు కేబుల్‌తో అంటుకుంది. డీడీ మెట్రోలో బాబా సెహగల్ నడిపిన సూపర్‌హిట్ ముకాబ్లా, జీ టీవీలో ఫిలిప్స్ టాప్ టెన్, 1995లో జెమిని, ఈటీవీ మొదలయ్యాక తెలుగు పాటల వరుసలు. వీసీఆర్ రాకముందు మేము టేప్ రికార్డర్‌ను టీవీ ముందు పెట్టి పాటలు పట్టేవాళ్ళం. ఆ ఆడియో క్యాసెట్లలో ఒకటి ఇంకా పలుకుతోంది. అందులో పాట కంటే కుక్కర్ ఈలలు, "వార్తల టైమయింది, అది కట్టెయ్యండి" అనే బాపు గొంతు ఎక్కువ స్పష్టంగా వినిపిస్తాయి.

ముందు యంత్రం సంగతి. ఈ పనికి దిగాలనుకునేవాళ్ళు ఇక్కడే ఎక్కువమంది వెనక్కి తిరుగుతారు. మామ తెచ్చిన వీసీఆర్‌కు కరెంటు ఇస్తే లైటు వెలిగింది, క్యాసెట్టు మింగింది, తిరిగి ఇవ్వలేదు. హనుమకొండ చౌరస్తా దగ్గర సందులో ఒక మెకానిక్ ఉన్నాడని విని తీసుకెళ్ళాను. మూత తీసి చూస్తే లోపలి రబ్బరు బెల్టులు ముదిరిన బెల్లంపాకంలా సాగి చక్రాలకు అంటుకుపోయాయి. కొత్త సామాను దొరకదు. ప్రపంచంలో చివరిదాకా వీసీఆర్లు చేస్తూ వచ్చిన జపాన్ కంపెనీ ఫునాయ్ కూడా 2016 జులైలో ఆపేసింది. వరంగల్‌లో పాత సామాన్ల కొట్టులో చచ్చిన వీసీఆర్ ఇంకొకటి కొని, దాని అవయవాలు దీనికి పెట్టించాను. రెండేళ్ళలో మూడుసార్లు మరమ్మతుకు వెళ్ళింది. ఆ ఖర్చుతో మంచి ఫోను వచ్చేదని మా వారు అప్పుడప్పుడు గుర్తుచేస్తుంటారు.

క్యాసెట్ల సంగతి ఇంకో కథ. మన వానాకాలం తేమకు టేపు అంచుల మీద తెల్లగా బూజు పడుతుంది. బూజు పట్టిన క్యాసెట్టును అలాగే పెట్టామా, అది వీసీఆర్‌లో టేపును చదివే హెడ్డుకు అంటుకుని, తర్వాత పెట్టిన మంచి క్యాసెట్టుకు కూడా పాకుతుంది. నాకు ఇది తెలిసేసరికి ఒకటి పాడైంది. తర్వాత మెకానిక్ ఒక్కో క్యాసెట్టుకు ఐదు మరలూ విప్పి, టేపు తుడిచి ఇచ్చాడు. దూదితో తుడవవద్దని, పోగులు హెడ్డులో ఇరుక్కుంటాయని గట్టిగా చెప్పాడు. ఎండలో ఆరబెట్టబోతే కసిరాడు కూడా. ఇరవై మూడులో ఇరవై ఒకటి బతికాయి. ఇప్పుడు వాటిని పడుకోబెట్టకుండా పుస్తకాల్లా నిలబెట్టి, బియ్యం డబ్బాకు దూరంగా, గాలి ఆడే అలమరలో ఉంచుతున్నాను.

కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి పసుపు, ఎరుపు, తెలుపు తీగలు కలిపే చిన్న పరికరం కావాలి. మొదట కొన్న చౌక రకం అరగంట గడిచేసరికి పెదవులను ఒక దారిన, మాటను ఒక దారిన నడిపించింది. రెండోది బాగానే ఉంది. కానీ దగ్గరి దారి లేదు. మూడు గంటల క్యాసెట్టుకు మూడు గంటలూ కూర్చోవలసిందే. నాకు ఈ నిర్బంధమే మేలు చేసింది, ఎలాగో కిందికి వచ్చాక చెబుతాను.

కొత్త పలుచటి టీవీలో పెడితే బొమ్మ బాగుండదు. పాత టీవీ ప్రసారంలో ఒక్కో బొమ్మ రెండు సగాలుగా, గీత విడిచి గీతగా వచ్చేది. కొత్త తెర ఆ రెండు సగాలనూ ఒకేసారి చూపిస్తే, నాట్యం చేసే చేతుల అంచున దువ్వెన పళ్ళు మొలుస్తాయి. పైగా టీవీ తనంతట తాను బొమ్మను అడ్డంగా సాగదీస్తుంది. హీరోయిన్లందరికీ గవదబిళ్ళలు వచ్చినట్టు కనబడితే కారణం అదే, సెట్టింగుల్లోకి వెళ్ళి నాలుగుకు మూడు కొలతకు మార్చుకోండి. బాపు పారెయ్యనివ్వని పాత డబ్బా టీవీలో మాత్రం బొమ్మ ఒద్దికగా, అలవాటైన రంగులతో వస్తుంది. మేము దానిలోనే చూస్తాం, ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక.

ఇక అసలు విషయం. ఈ పాటలన్నీ యూట్యూబ్‌లో ఇంతకంటే శుభ్రంగా, పూర్తిగా దొరుకుతాయి. అయినా ఈ క్యాసెట్లు ఎందుకు చూడాలి? మొదటి నెలంతా నాకూ జవాబు దొరకలేదు. రిమోట్ పట్టుకుని మొదటి మూడు పాటలకు ఉరికేదాన్ని. అవి ఎలాగూ పెళ్ళి ఊరేగింపుల్లో, ఆటోల్లో, ఎఫ్‌ఎంలలో ముప్పై ఏళ్ళుగా విన్నవే. విసుగొచ్చి మానేద్దామనుకున్నాను. తర్వాత కంప్యూటర్‌లోకి ఎక్కిస్తూ మూడు గంటలు కదలకుండా కూర్చోవలసి వచ్చినప్పుడు పదో పాట, తొమ్మిదో పాట, ఎనిమిదో పాట చూశాను. అక్కడ ఉంది సరుకు. రెండు వారాలు కనిపించి మాయమైన పాటలు, సినిమా ఆడక పాట కూడా మునిగిపోయినవి, ఒక్క పల్లవి కోసం ఎవరో ప్రాణం పెట్టి ట్యూను కట్టినవి. వీటిలో చాలావాటి పేరు నాకు గుర్తులేదు, కానీ చరణం మొదలవగానే నోరు దానంతట అదే పాడింది. పేరే తెలియని పాటను ఎక్కడ వెతుకుతాం? నెగ్గిన పాటలను లోకం ఎలాగూ దాచుకుంది. ఓడినవాటిని దాచింది ఈ టాప్ టెన్ క్యాసెట్లే.

అందుకే నా మొదటి సలహా, ముందుకు తిప్పవద్దు. ప్రకటనలు కూడా వదలవద్దు. బట్టల సబ్బు పాట, స్కూటర్ పాట వచ్చినప్పుడు మా ఇంట్లో చప్పట్లు నంబర్ వన్‌కు వచ్చినవాటి కంటే ఎక్కువ.

బాపుకు మాత్రం ఈ అంకెల మీద మొదటి నుంచీ నమ్మకం లేదు. ఆయన బినాకా గీత్‌మాలా మనిషి. 1952లో రేడియో సిలోన్‌లో, అంటే శ్రీలంక రేడియోలో, మొదలైన ఆ హిందీ సినిమా పాటల కార్యక్రమం బుధవారం రాత్రి ఎనిమిదింటికి వచ్చేది. ఆ ఏడాదే బి.వి. కేస్కర్ సమాచార మంత్రి అయ్యి ఆకాశవాణిలో సినిమా పాటలకు తలుపులు మూస్తే, జనం షార్ట్‌వేవ్‌లో సిలోన్ వైపు మళ్ళారు. 1957లో వివిధ భారతి పెట్టేదాకా మన రేడియో ఆ నష్టం నుంచి తేరుకోలేదు. దాని వ్యాఖ్యాత అమీన్ సయానీ స్థానం అనేవాడు కాదు, పాయ్‌దాన్ అనేవాడు, అంటే మెట్టు. పాట మెట్టెక్కుతుంది, దిగుతుంది. రికార్డుల అమ్మకాలు, ఊరూరా ఉన్న శ్రోతల సంఘాల అభిప్రాయాలు కలిపి ఆ మెట్లు కట్టేవారు. "మరి మీ టీవీవాడు ఎక్కడ లెక్కపెట్టాడు? చెప్పాడా ఎప్పుడైనా?" అని బాపు ప్రశ్న. ఇరవై ఒక్క క్యాసెట్లు చూశాను. ఆ ప్రశ్నకు జవాబు వాటిలో లేదు. వరుస వస్తుంది, లెక్క రాదు. క్యాసెట్ల అమ్మకమా, ఉత్తరాలా, పాట హక్కులున్న కంపెనీవారి పలుకుబడా, ఒక్క వ్యాఖ్యాత నోరు విప్పలేదు. 2024 ఫిబ్రవరిలో సయానీ పోయినప్పుడు బాపు ఆ ఆదివారం టాప్ టెన్ పెట్టనివ్వలేదు. ఆయన సూతకం ఆయనది.

తెలుగు కార్యక్రమాలు ఈ విషయంలో కొంత నయం. ప్రేక్షకుల పోస్టు కార్డులు చదివేవారు. నర్సంపేట అనో, హుజూరాబాద్ అనో టీవీలో వినిపిస్తే ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. నేను రాసినవాటిలో ఒక్కటీ చదవలేదన్న కోపం కూడా ఇప్పటికీ అలాగే ఉంది. రెండేళ్ళుగా ఒళ్ళంతా చెవులు చేసుకుని మళ్ళీ విన్నాను. లేదు.

లోపాలు దాచను. పాటను ఎక్కడ బాగుందో అక్కడే కత్తిరిస్తారు. రెండో చరణం వినే భాగ్యం దాదాపు ఏ పాటకూ లేదు. ఒకే పాట వారాల తరబడి మొదటి స్థానంలో బైఠాయిస్తే ఆ క్యాసెట్టు చూడటం శిక్షే. వ్యాఖ్యాతల హాస్యంలో సగం అప్పుడే నవ్వు తెప్పించలేదు. ఆడవాళ్ళ మీద వేసిన కొన్ని జోకులను మా అమ్మాయి పక్కన కూర్చుని చూసినప్పుడు నాకే తలవంపులయింది. బాబా సెహగల్‌ను మాత్రం అది కూడా ఇష్టంగా చూసింది. తర్వాత తెలుగు సినిమాల్లో ర్యాప్ పాడినాయన ఈయనేనా అని ఆశ్చర్యపోయింది.

అన్న కొడుకు మాంచెస్టర్‌లో చదువుతున్నాడు. మా ఆదివారాల సంగతి విని, అక్కడివాళ్ళకూ ఈ పిచ్చి ఉందని చెప్పాడు. బీబీసీవారి టాప్ ఆఫ్ ది పాప్స్ 1964 జనవరి 1న ఆ ఊళ్ళోనే, స్టూడియోగా మార్చిన ఒక చర్చిలో మొదలైందట. 2006 దాకా నడిచింది. 2011 నుంచి బీబీసీ ఫోర్‌లో 1976 నాటి భాగాలతో మొదలుపెట్టి వరుసగా మళ్ళీ వేస్తున్నారు. అంతకుముందువి ఎందుకు వేయరంటే, చాలా భాగం లేవు. టేపు ఖరీదైన రోజులు కాబట్టి ఒక కార్యక్రమం తుడిచి దాని మీదే ఇంకొకటి ఎక్కించుకున్నారు. అంత పెద్ద సంస్థే ఆ పని చేసిందని తెలిశాక మా అన్నకు ధైర్యం వచ్చింది. ఎందుకంటే అతను చేసిందీ అదే.

1996 మార్చి మొదట్లో ఒక రాత్రి. నాకు పదో తరగతి పరీక్షలు దగ్గరపడ్డాయి. మూడో పాట అయిపోగానే బాపు లేచి టీవీ కట్టేశాడు. వీసీఆర్ మాత్రం లోపల ఎక్కించుకుంటూనే ఉంది. పరీక్షలయ్యాక చూద్దువులే అన్నాడు అన్న. నేను చూడకముందే, మార్చి 13న ఈడెన్ గార్డెన్స్‌లో శ్రీలంకతో ప్రపంచకప్ సెమీఫైనల్ వచ్చింది. ఇంట్లో ఖాళీ క్యాసెట్టు లేదు. అన్న ఆ క్యాసెట్టే పెట్టాడు. మనవాళ్ళ వికెట్లు టపటపా పడటం, జనం సీసాలు విసరడం, ఆట పూర్తికాకుండానే శ్రీలంక గెలిచినట్టు ప్రకటించడం, అన్నీ ఇప్పుడు చక్కగా కనిపిస్తాయి. నా టాప్ టెన్ లేదు.

నోటుబుక్కులో ఆ వారం పేజీ ఉంది. పది నుంచి మూడు దాకా పాటల పేర్లు నీలం సిరాతో రాసి ఉన్నాయి. నా పాట వాటిలో లేదు. రెండు, ఒకటి అంకెల పక్కన ఖాళీ. ముందు వారం అది నాలుగో స్థానంలో ఉంది. తర్వాతి వారం ఐదో స్థానం, అది నా స్నేహితురాలు చెబితే రాసుకున్నది. అంటే ఆ రాత్రి రెండోదైనా, ఒకటోదైనా అయి ఉండాలి. లేదా జాబితాలోంచే జారిపోయి మళ్ళీ వచ్చి ఉండాలి. జారిపోయిందనే అన్న అంటాడు. క్యాసెట్టు చెరిపినవాడికి సాక్ష్యం చెప్పే హక్కు లేదని నేను. బాపును తీర్పు చెప్పమంటే, ఆ టీవీవాడి లెక్కే తప్పుల లెక్క, దాని మీద మళ్ళీ కొట్లాటా అని అటు తిరిగి పడుకున్నాడు.