శిక్షణ ముగిశాక నాలుగు సెమిస్టర్లు: నాకు మిగిలింది ఎంత?

నేను భౌతికశాస్త్ర అధ్యాపకుణ్ని. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషతో లెక్కలు చేయించడం నా కోర్సులో ఒక భాగం. 2022 నవంబరు 30న చాట్‌జీపీటీ వచ్చింది. ఆ తర్వాతి సెమిస్టరులోనే, ఇండెంటేషన్ (పంక్తి మొదట్లో వదలాల్సిన ఖాళీ) దగ్గర తడబడే విద్యార్థులు కూడా వ్యాఖ్యలతో సహా ముచ్చటైన ప్రోగ్రాములు తెచ్చి ఇవ్వడం మొదలుపెట్టారు. ఒక పంక్తి చూపించి ‘ఇది ఎందుకు రాశావు?’ అంటే మాత్రం నేల చూపులు. ఏం చేయాలో తోచకే ఈ శిక్షణలో చేరాను. జనరేటివ్ ఏఐ సాయంతో కంప్యుటేషన్ బోధించే కాలేజీ అధ్యాపకులకు ఉద్దేశించినది. ఎనిమిది వారాల ఆన్‌లైన్ తరగతులు, ఆపైన నెలకొక సమావేశం. ముగిసిన రోజే సమీక్ష రాసి ఉంటే ఆకాశానికెత్తేసేవాణ్ని. అప్పుడు రాయకపోవడమే మంచిదైంది.

మొదటి మూడు వారాలూ ప్రాంప్టులకే, అంటే ఏఐకి ఇచ్చే ఆదేశాలకే పోయాయి. ‘నువ్వు అనుభవజ్ఞుడైన ప్రొఫెసర్‌వి’ అంటూ మొదలయ్యే నమూనాలు డజన్లకొద్దీ ఇచ్చారు. భద్రంగా దాచుకున్నాను. రెండో సెమిస్టరు తర్వాత ఆ ఫైలు తెరిచిన గుర్తు లేదు. మోడళ్లు మారిపోయాయి, ఇప్పుడు మామూలు మాటల్లో అడిగినా పని జరుగుతోంది.

నాలుగో వారం సంగతి వేరు. స్ప్రింగుకు కట్టిన బరువు ఊగడాన్ని లెక్కించే కోడ్‌ను ఏఐతో రాయించమన్నారు. నడపబోతుంటే ఆపి, ‘గ్రాఫు ఎలా వస్తుందో ముందు కాగితం మీద గీయండి’ అన్నారు. అందరం ఒకే ఎత్తున్న అలలు గీశాం. తెర మీద అలలు అంతకంతకూ ఎత్తు పెరిగాయి. కోడ్ వాక్యనిర్మాణంలో తప్పు లేదు, సూత్రంలో తప్పు లేదు, అక్షాల పేర్లు కూడా పొందికగా ఉన్నాయి. తప్పంతా పద్ధతిలో ఉంది. అది సాదా ఆయిలర్ పద్ధతి: ఇప్పటి స్థానం, వేగాలతోనే తర్వాతి క్షణపు విలువలు అంచనా వేస్తుంది. కోణీయ పౌనఃపున్యం 1, కాలపు మెట్టు (లెక్క ఒక్కోసారి ముందుకు జరిగే కాలం) 0.1 అయితే శక్తి మెట్టుకు 1 శాతం చొప్పున పెరుగుతుంది. 70 మెట్లకు రెట్టింపు. ఒక ఊపు పూర్తవడానికి పట్టేది సుమారు 63 మెట్లే. ముందు వేగాన్ని మార్చి, ఆ కొత్త వేగంతో స్థానాన్ని లెక్కించేలా రెండు పంక్తులను అటూ ఇటూ చేస్తే చాలు, శక్తి కాస్త ఊగిసలాడుతుందే తప్ప పెరుగుతూ పోదు.

ఈ అభ్యాసాన్ని నాలుగు సెమిస్టర్లుగా వదలకుండా చేయిస్తున్నాను. ఒకసారి ఒక విద్యార్థిని ‘శక్తి ఎందుకు పెరుగుతోంది?’ అని ఏఐనే అడిగింది. మెట్టు చిన్నది చేయమని జవాబు వచ్చింది. 0.01 చేసి చూశాం. అంతే కాలానికి పెరుగుదల దాదాపు 7 శాతానికి దిగింది, కానీ ఆగలేదు. ఆ సగం సరైన జవాబు మీద గంటసేపు సాగిన చర్చ లాంటిది నా పాఠాల్లో అంతకుముందు ఎప్పుడూ జరగలేదు.

ఇక మూల్యాంకనం దగ్గర ఈ శిక్షణ నన్ను నట్టేట ముంచింది. ఏఐ రాతను పసిగట్టే సాధనాల గురించి ఒక పూట నమ్మకంగా చెప్పారు. ఓపెన్‌ఏఐ సంస్థ అలాంటి తన సొంత సాధనాన్ని కచ్చితత్వం తక్కువగా ఉందని 2023 జులైలో ఉపసంహరించుకుంది. ఆ విషయం మా పాఠంలో ఎక్కడా లేదు. ఒక సాధనం మాట నమ్మి నేనొక కుర్రవాణ్ని నిలదీశాను. అతను తన చిత్తుప్రతులన్నీ తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. క్షమాపణ చెప్పాను. ఆ ముఖం ఇప్పటికీ కళ్లముందు ఉంది.

శిక్షణలో మరో మార్గంగా అందరికీ వైవా పెట్టమన్నారు. మంచి సలహాయే. మనిషికి ఐదు నిమిషాలనుకున్నా అరవై మందికి ఐదు గంటలు. చిన్న తరగతులు నడిపేవాళ్లు తయారుచేసిన పాఠమని అక్కడే తెలిసిపోతుంది. నేను వారానికి మూడోవంతు మందిని చీటీలు తీసి పిలుస్తున్నాను. ఎవరి వంతు వస్తుందో తెలియదు కాబట్టి అందరూ చదువుకునే వస్తున్నారు.

పాతబడిన లైబ్రరీల (సిద్ధంగా దొరికే కోడ్ సంకలనాల) గురించి ఒక్క ముక్క చెప్పి ఉంటే బాగుండేది. శాస్త్రీయ లెక్కలకు వాడే పైథాన్ లైబ్రరీ సైపైలో, సమాకలనం చేసే ‘సింప్స్’ అనే ఫంక్షన్‌ను 2024లో వచ్చిన 1.14 వెర్షన్‌లో తీసేశారు, ఇప్పుడున్నది ‘సింప్సన్’. మా విద్యార్థులకు ఏఐ ఇచ్చే కోడ్‌లో పాత పేరు ఇంకా తగులుతూనే ఉంది.

నెలవారీ సమావేశాలకు మొదట్లో ముప్పై మంది వచ్చేవారు. ఇప్పుడు ఐదుగురం మిగిలాం. మొహమాటాలు పోయాక, బెడిసికొట్టిన పాఠాలనే తెచ్చి ముందు పెడుతున్నాం. శిక్షణలో చేరేవారు ప్రాంప్టుల వారాలు దాటవేసినా పరవాలేదు గాని ఈ సమావేశాలు మానవద్దు. వచ్చే నెల మా రసాయనశాస్త్ర మిత్రురాలు చర్యావేగాల కోడ్ తెస్తానన్నారు. అందులో గాఢత సున్నా కంటే కిందికి దిగిపోతోందట. వెళ్లేముందు గ్రాఫు కాగితం మీద గీసుకోవాలి.