కప్లాన్ మేయర్ చాలా, కాక్స్ మోడల్ వాడాలా?

థీసిస్ టైమ్‌లో మెడికల్ పీజీలు, డెమోగ్రఫీ వాళ్లు, సోషియాలజీ వాళ్లు అందరూ అడిగేది ఇదే. రెండూ సర్వైవల్ అనాలిసిస్ పద్ధతులే, అంటే ఒక ఈవెంట్ (చావు, కాన్పు, ఉద్యోగం లాంటిది) "ఎన్నాళ్లకి జరిగింది" అనే లెక్కే, ఫాలోఅప్‌లో మధ్యలో తప్పిపోయినవాళ్లని కూడా పారేయవు.

ఖర్చు: ఆర్ (R) అనే స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్‌లో సర్వైవల్ ప్యాకేజీ ఫ్రీ, రెండిటికీ అదే.

శ్రమ: కప్లాన్ మేయర్ (1958) అయితే మెట్ల గ్రాఫ్, గ్రూపుల మధ్య తేడా చూసే లాగ్‌ర్యాంక్ టెస్ట్, అంతే. కాక్స్ (1972)కి వేరియబుల్స్ ఎంచుకోవాలి, అజంప్షన్ చెక్ చెయ్యాలి, గైడ్‌కి హజార్డ్ రేషియో (ఇంకా ఈవెంట్ జరగనివాళ్లలో అది జరిగే వేగం ఒక గ్రూపులో రెండోదానికి ఎన్ని రెట్లు అనేది) అంటే మొత్తం ఎంతమందికి జరిగిందో పోల్చే రిస్క్ రేషియో కాదని చెప్పాలి (ఇదే కష్టం).

రిస్క్: కప్లాన్ మేయర్‌లో తేడా మందు వల్లా, పేషెంట్ల వయసు వల్లా అనేది తేలదు. కాక్స్‌లో హజార్డ్ రేషియో మొదట్నుంచి చివరిదాకా ఒకేలా ఉంటుందని అనుకుంటాం, కానీ ఆపరేషన్‌కీ మందులకీ పోలిక పెడితే మొదటి నెలల్లో ఆపరేషన్ గ్రూపులోనే ఎక్కువమంది పోయి తర్వాత సీన్ రివర్స్ అవ్వొచ్చు, అప్పుడా ఒక్క నంబర్‌కి అర్థమే లేదు.

రాండమైజ్ చేసిన (ఎవరు ఏ గ్రూపో లాటరీ వేసినట్టు పంచిన) చిన్న ట్రయల్, రెండే గ్రూపులు, ఈవెంట్లు తక్కువ అయితే కప్లాన్ మేయర్ చాలు.
పెళ్లయ్యాక విడాకులు, చదువయ్యాక మొదటి ఉద్యోగం, ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్ (జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే) డేటాతో కాన్పుల మధ్య ఎడం లాంటివైతే కాక్స్, కాకపోతే కాన్పుల లెక్కలో ఒకే తల్లి కాన్పులు డేటాలో చాలాసార్లు వస్తాయి కాబట్టి క్లస్టర్ ఆప్షన్ (ఒకే తల్లి వరసల్ని ఒక గుంపుగా లెక్కేసేది) పెట్టండి.

జబ్బు ముదిరినవాళ్లే ఫాలోఅప్‌కి రావడం మానేస్తే మాత్రం మామూలుగా వాడితే రెండూ తప్పే చెప్తాయి.