కోట్‌పల్లి నుంచి మన్రో ద్వీపం దాకా, తెడ్డు పట్టుకుని

కయాకింగ్ (సన్నటి చిన్న పడవని తెడ్డుతో నడపడం) కొత్తగా మొదలుపెట్టాలి, ఎక్కడికి వెళ్లమంటారు అని ఎవరడిగినా నేను ఇప్పటికీ కోట్‌పల్లే చెబుతాను. వికారాబాద్ దగ్గరి ఆ ప్రాజెక్టు నీళ్లలోనే మా ఆరుగురం తెడ్డు పట్టడం నేర్చుకున్నాం. నిలకడ నీళ్లు, ప్రవాహం ఉండదు. చెయ్యి తిరగనివాళ్లకి అంతకంటే ఏం కావాలి! తెల్లవారుజామున హైదరాబాద్‌లో బయల్దేరి, చేవెళ్ల దారిలో ఆ మర్రిచెట్ల కిందుగా వెళ్తుంటే సగం అలసట అక్కడే పోతుంది. అయితే ఆదివారం మాత్రం ఎండెక్కాక వెళ్లకండి, వంతు కోసం ఎదురుచూడటానికే పొద్దు గడిచిపోతుంది. వీలైతే మామూలు రోజున సెలవు పెట్టుకుని వెళ్లండి.

బస విషయంలో ఒకసారి దెబ్బతిన్నాం. అనంతగిరి వైపు ఒక రిసార్ట్‌లో, కయాకింగ్ కూడా ప్యాకేజీలోనే ఉందంటే డబ్బు ముందే కట్టేశాం. తీరా వెళ్తే పడవలు వాళ్లవి కావు, తీసుకెళ్లే బండీ లేదు. అప్పటినుంచి గదికీ పడవకీ విడివిడిగానే మాట్లాడుకుంటున్నాం.

అంతకంటే పెద్ద పాఠం ఇంకో చెరువులో నేర్చుకున్నాం. దాని పేరు చెప్పను. లైఫ్ జాకెట్ ఇచ్చారు కానీ నడుం దగ్గర క్లిప్పు విరిగి ఉంది. "ఏం కాదు మేడమ్, లోతు లేదు" అన్నాడు ఆ అబ్బాయి. పదకొండు దాటాక గాలి లేచింది. మా వదినా నేనూ ఎక్కిన డబుల్ కయాక్, ఎంత తెడ్డు వేసినా ముందుకు కదలకుండా పక్కకి కొట్టుకుపోయి తుంగలో ఇరుక్కుంది. ఒడ్డున చూస్తే సాయానికి రావడానికి ఇంకో పడవ లేదు. మా వాళ్లే వచ్చి, తాడు కట్టి లాగి బయటపడేశారు. ఆ ముప్పావుగంట పడ్డ టెన్షన్ నాకింకా గుర్తుంది. ఇప్పుడు ఎక్కడికెళ్లినా ముందు క్లిప్పులు పెట్టి చూస్తాం, జాకెట్ భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగుతాం. చెవుల దాకా జారి వచ్చిందంటే అది మన సైజు కాదు, మార్చి ఇమ్మనాలి. మార్చకపోతే డబ్బు పోయినా సరే, ఎక్కకుండా తిరిగి వచ్చేయాలి.

ఈ డిసెంబరులో కేరళలో కొల్లం దగ్గరి మన్రో ద్వీపానికి వెళ్లాం. సికింద్రాబాద్‌లో మధ్యాహ్నం శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మర్నాడు సాయంత్రానికి కొల్లంలో దిగొచ్చు. ప్రయాణం పెద్దదే, కానీ ఆ కాలువల కోసం ఎంత దూరమైనా వెళ్లొచ్చు. కల్లడ నది అష్టముడి సరస్సులో కలిసేచోట ఉన్న చిన్న చిన్న లంకలు అవి. మా కోనసీమ వదిన దిగుతూనే "అచ్చం మా ఊరే" అంది. కొబ్బరిచెట్లు, ఇంటి ముందే నీళ్లు, గట్టుకి కట్టిన నాటుపడవ.

పెద్ద హోటల్ వద్దనుకుని ఒక ఇంట్లో దిగాం, మూడు గదులు తీసుకున్నాం. ఏసీ లేదు, దోమతెరలు ఉన్నాయి. పొద్దున కప్ప, చేపల పులుసు పెట్టారు. పేరు విని బెదరకండి, అక్కడ కప్ప అంటే కర్రపెండలం. మేం పట్టుకెళ్లిన ఆవకాయ సీసా రెండోరోజుకే వాళ్లింట్లో ఖాళీ అయింది. శుభ్రతకీ ఆదరణకీ నేను పూర్తి మార్కులు ఇస్తాను. బాత్రూంలో వేడినీళ్లకి మాత్రం అడిగి కాచుకోవాల్సి వచ్చింది.

మాకు దారి చూపించినాయన అరవై దాటిన మనిషి, మేం చేట్టా (మలయాళంలో అన్నయ్య) అని పిలిచేవాళ్లం. ముందురోజు రాత్రి టార్చి పట్టుకుని మెట్ల దగ్గరికి వెళ్లి, రాతి మీద తడి ఎక్కడిదాకా ఉందో చూశాడు. ఆటుపోట్ల లెక్క ఆయనకి అందులోనే ఉంది. "రేపు ఐదున్నరకే" అన్నాడు. మాలో ఇద్దరు ఏడింటికి వెళ్దామన్నారు, ఆయన ఒప్పుకోలేదు.

చీకటి విడవకముందే నీళ్లలోకి దిగాం. తెడ్డు ఎత్తినప్పుడల్లా నీళ్లు కాడ మీదుగా జారి, రబ్బరు రింగు దగ్గర ఆగి, టప్ మని ఒళ్లో పడుతున్నాయి. అష్టముడిలోకి వచ్చేసరికి తూర్పు ఎరుపెక్కింది. నీటికాకులు రెక్కలు చాపుకుని కర్రల మీద కూర్చున్నాయి. ఎవరం మాట్లాడలేదు. తిరిగొచ్చేటప్పుడు మడచెట్లు రెండువైపులా వంగి కప్పేసిన కాలువలోకి తీసుకెళ్లాడు. పొడవాటి తెడ్డు తిప్పడానికి చోటు లేక, ఆ చెట్ల వేళ్లని చేత్తో తోసుకుంటూ వెళ్లాం. ఆ వేళ్ల మీద గోరంత పీతలు మా చెయ్యి పడగానే చటుక్కున వెనక్కి తిరిగేవి.

చివర్లో ఒక కాలిబాట వంతెన వచ్చింది. వెల్లకిలా పడుకుని దాని కిందనుంచి దూరాం. సిమెంటు పలక నా ముక్కుకి నాలుగు వేళ్ల ఎడంలో జరిగిపోయింది. టిఫిన్ తిన్నాక కొట్టుకి వెళ్తూ అదే వంతెన మీద ఆగి చూశాం. నీళ్లు పెరిగి, పలక కింద ఖాళీ జానెడు కూడా లేదు.